కదలెడి కట్టడము

కట్టడమనగా కదలనిదని జనులు తలంతురు. కాని చలనమే ప్రాణముగా గల కట్టడములును గలవు. భద్రాచలపు అడవులలో, చర్ల మండలమున, తాలిపేరు నదిపై గల ఆనకట్ట అట్టిది. దానికి 25 తలుపులు గలవు. పంటలకు నీరు నిలుపవలసినపుడు అవి మూసికొని గోడయగును. ఛత్తీస్‌గఢ్ కొండలలో కుంభవృష్టి కురిసినపుడు పైకి లేచి వరదకు దారి యొసగును. అవి కదలనిచో నీరు కట్టపై పొర్లి, దానిని తెంపి, దిగువ పల్లెలను ముంచును.

విడిచిన నీరు గోదావరిలో గలియును. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులు చేరగనే మొదటి హెచ్చరిక వెలువడును. 2022 జూలైలో అది 71 అడుగులు దాటెను. కావున తలుపులను ఎప్పుడు, ఎంత ఎత్తవలెనో యెరుగుట ప్రాణరక్షణమునకు సంబంధించిన విద్య. గట్టిగా నిలుచుటయే గాక, తగిన వేళ తొలగుటయు కట్టడమునకు బలమే.