సమ ఉజ్జీ కావాలా, సులువు గెలుపు కావాలా?

సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాప్తాడు, ధర్మవరం, పెనుకొండ వైపు నుంచే వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే గొడవ: ఫోన్లో బీజీఎంఐ లాంటి తుపాకీ ఆట ఆడబోతే ఎదురుగా ఎవరిని తెచ్చి పెడుతున్నారని. సరదాకి ఆడేవాళ్లు పట్టుబట్టి ఆడేవాళ్లను తిడుతున్నారు, వాళ్లు వీళ్లను తిడుతున్నారు. ఇద్దరివీ పక్కపక్కనే వేస్తున్నాను, ఒకరిది ఒకరు చదువుకుంటారని.

సార్, నమస్తే. మాది రాప్తాడు. పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని. రాత్రి తిన్నాక అర్ధగంట బీజీఎంఐ పెడతాను. ప్యారాచూట్ దిగి గన్ను చేతికి తీసుకునే లోపలే ఎవడో ఒకడు కొట్టేస్తాడు. నేనుండేది గోల్డ్‌లో. ఎదురొచ్చేవాళ్ల ఆట చూస్తే గోల్డ్ ఆట మాదిరి లేదు. గేమే మోసం చేస్తాందా?

మోసం కాదు, ముందు సీజన్ ఎప్పుడు మొదలైందో చూడండి. ప్రతి సీజన్ మారినప్పుడు అందరి టైర్లనూ, అంటే గోల్డ్, క్రౌన్ లాంటి మెట్లను, కిందికి దించుతారు. పోయిన సీజన్లో క్రౌన్, ఏస్ దాకా ఎక్కినవాళ్లు కూడా మళ్లీ కింది మెట్ల మీద నుంచే బయలుదేరాలి. ఆ మొదటి రోజుల్లో మీ గోల్డ్ గదిలో కూర్చునేది వాళ్లే. ర్యాంకు ఆట రెండు వారాలు ఆగి మొదలుపెడితే ఆ గుంపు చాలావరకు పైకి వెళ్లిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది. టైర్ అనేది నైపుణ్యానికి కొలత అనుకుంటాం గానీ అందులో ఓపిక పాలు చాలా ఎక్కువ. ఎక్కువసేపు బతికి ఉన్నా, రోజూ ఎక్కువ ఆటలు ఆడినా పాయింట్లు పోగవుతాయి. గురి బ్రహ్మాండంగా ఉండి, పరీక్షల వల్ల ఈ సీజన్లో నాలుగు ఆటలే ఆడిన కుర్రాడు మీ గోల్డ్‌లోనే ఉంటాడు. గురి అంతంతమాత్రమైనా పొద్దస్తమానం ఆడేవాడు డైమండ్‌లో ఉంటాడు. చాలా షూటర్ ఆటల్లో మనకు కనబడే టైర్ వేరు, జతలు కట్టడానికి లోపల వాడుకునే అంకె వేరు. ఆ రెండో అంకెను మనకు చూపించరు. అనుమానాలన్నీ పుట్టేది అక్కడే.

ఇక మీరు దిగే చోటు. ఎరాంగెల్ మ్యాపు 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. అంత నేల ఉండగా పోచింకి ఊరి నడిబొడ్డున దిగేవాళ్లు కొట్లాటకే దిగుతారు. అర్ధగంటే ఉంది కదా, ఊరి అంచున దిగండి. అసలు కాల్పుల సరదానే కావాలంటే టీమ్ డెత్‌మ్యాచ్ పెట్టుకోండి. నలుగురికి నలుగురు, ముందు 40 కిల్స్ చేసినవాళ్లది గెలుపు. చచ్చినా మళ్లీ లేచి ఆడొచ్చు. పది నిమిషాల్లో అయిపోతుంది, పోయే ర్యాంకు ఏమీ లేదు.

అన్నా, రాప్తాడులోనే ఉంటా, డిగ్రీ రెండో సంవత్సరం. ఏస్ దాటినా. మా ఫ్రెండు కంప్యూటర్లో కాల్ ఆఫ్ డ్యూటీ కూడా ఆడతా. ఏ ఆట పెట్టినా ప్రతి మ్యాచూ ఫైనల్ మాదిరే ఉంటాంది. ఒక్కటన్నా హాయిగా ఆడుకుందామంటే లేదు. కష్టపడి నేర్చుకున్నందుకు శిక్షా ఇది? స్కిల్ చూసి జత కట్టే పద్ధతి తీసేస్తే పోలా?

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పైన ఫ్యాక్టరీ ఉద్యోగి రాసింది నువ్వు ఒకసారి చదువు. నీ హాయి ఎవరి జేబులోంచి రావాలో తెలుస్తుంది.

ఈ ఆటల్లో లెక్క చాలా మొండిది. నీ ఖాతాలో ఒక కిల్ పడితే ఇంకొకరి ఖాతాలో ఒక చావు పడుతుంది. సోలోలో 100 మంది దిగితే చివరికి మిగిలేది ఒక్కడు, అంటే ఎక్కువలో ఎక్కువ 99 కిల్స్. బాట్లను, అంటే కంప్యూటరే ఆడించే బొమ్మలను, పక్కన పెడితే మనిషికి సగటున ఒకటి కూడా పూర్తిగా రాదు. నీకు ఆటకు ఐదు రావాలంటే, సున్నాతో ఇంటికి పోయేవాళ్లు అదే గదిలో కొందరుండాలి. వాళ్లు రేపు కూడా వస్తేనే నీకు ఎల్లుండి ఐదు.

సమానులను కలిపే ఈ లెక్క చదరంగం నుంచి వచ్చింది. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం చెప్పిన ఆర్పాడ్ ఈలో కట్టిన రేటింగును 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే తీసుకుంది. మన కోనేరు హంపి 2600 దాటిందని పేపర్లు రాసింది ఆ అంకెనే. ఇద్దరి మధ్య 400 తేడా ఉంటే, 11 ఆటలాడితే పైవారికి 10 పాయింట్లు వస్తాయని అంచనా. అందుకే హంపి స్థాయి వాళ్లు అంత కిందివారిని గెలిస్తే రేటింగులో ఒక్క పాయింటు కూడా పూర్తిగా పెరగదు, ఓడితే మాత్రం 9కి పైగా ఊడతాయి. చదరంగంలో చిన్నవాళ్ల మీద గెలుపుకు విలువ లేదని లెక్కే చెప్పేస్తుంది. షూటర్లలో అలా కాదు. అక్కడ ఎవరిని కొట్టినా కిల్ కిల్లే, వీడియోలో అంతే అందంగా కనబడుతుంది. నీ కోపానికి మూలం ఇక్కడుందని నా అనుమానం.

స్కిల్ చూసే పద్ధతి తీసేసి చూశారా అంటే, చూశారు. కాల్ ఆఫ్ డ్యూటీ తీసే యాక్టివిజన్ సంస్థ ఆటగాళ్లకు చెప్పకుండా కొందరికి నైపుణ్యం పట్టింపు తగ్గించి, ఏమైందో 2024 జులైలో బయటపెట్టింది. అందరికంటే పైనున్న 10 శాతం మంది తప్ప, మిగతా 90 శాతంలో తిరిగి ఆటకు వచ్చేవాళ్లు తగ్గారు. మధ్యలో వదిలేసి పోయేవాళ్లూ, ఏకపక్షంగా ముగిసే ఆటలూ పెరిగాయి. కంపెనీ తన పద్ధతిని సమర్థించుకోవడానికి వేసిన లెక్క ఇది, ఆ జాగ్రత్త ఉండాల్సిందే. కానీ కింద ఉన్నవాళ్లు పోతే వాళ్ల పైనున్నవాళ్లు కొత్త అడుగువాళ్లవుతారు, ఆ తర్వాత వాళ్లూ పోతారు అన్న వాదనలో నాకు తప్పు కనబడలేదు.

యూబీసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌డిఫయంట్ 2024 మేలో వచ్చింది. మామూలు ఆటల్లో నైపుణ్యం చూడం అన్నదే దాని గొప్ప. కొత్తవాళ్లకు మాత్రం మొదట్లో విడిగా ఒక గది పెట్టారు. 2025 జూన్లో సర్వర్లు ఆపేశారు. అది మూతపడడానికి ఇదొక్కటే కారణమని నేననను, కానీ కోరుకున్నవాళ్లందరూ వచ్చి నిలబెట్టలేదన్నది మాత్రం నిజం.

నీ మాటలో సగం న్యాయం లేకపోలేదు. ర్యాంకు ఆటలో ఉజ్జీ గట్టిగా ఉండాలి, దాని పేరే అది. సరదా ఆటలో కూడా అంతే గట్టిగా బిగిస్తే మనిషికి ఊపిరి ఎక్కడాడుతుంది? ఒకరోజు గెలిచి, ఒకరోజు తన్నులు తిని, ఎవడో మహానుభావుడి ఆట చూసి నోరు తెరవడం కూడా ఆటలో భాగమే. 2025 నవంబరులో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 7లో మామూలు ఆటలకు నైపుణ్యం పట్టింపు బాగా తగ్గించారు. కొత్తవాళ్లకు కంచె, ర్యాంకుకు గట్టి ఉజ్జీ, నడిమి గది వదులు: నా ఓటు దీనికి. ఆ నడిమి గదిలో నీకు హాయి దొరుకుతుంది, పోయి ఆడుకో.

కొత్త ఐడీ తెరిచి పిల్లలను కొడదామన్న ఆలోచనుంటే మానుకో. మైక్రోసాఫ్ట్ 2005లో ఎక్స్‌బాక్స్ కోసం తెచ్చిన ట్రూస్కిల్ నుంచి ఇలాంటి పద్ధతులు మనిషికి రెండు అంకెలు పెడతాయి: ఎంత ఆడగలడన్నది ఒకటి, ఆ అంచనా మీద ఎంత నమ్మకముందన్నది ఇంకొకటి. కొత్త ఐడీ మీద నమ్మకం తక్కువ కాబట్టి వరసగా నాలుగు గెలిస్తే అంకె ఎగిరి పడుతుంది. నీ పాత చోటికే నిన్ను తోసేస్తుంది. ఆ లోపల పాడైన ఆటలు మాత్రం ఎవరో పిల్లలవి.

నేను ధర్మవరం నుంచి రాస్తున్నాను సార్, ఇంటర్ అయిపోయింది. మొన్ననే గేమ్ వేసుకున్నా. మొదటి మ్యాచ్‌లోనే చికెన్ డిన్నర్ వచ్చింది! మా అన్న పడీ పడీ నవ్వుతున్నాడు. ఎందుకో చెప్పడం లేదు.

అమ్మా, నీ అన్న నవ్వు మాన్పించలేను. నువ్వు కొట్టినవాళ్లలో చాలామంది మనుషులు కారు. కొత్తవాళ్ల గదుల్లో బాట్లను నింపుతారు. నేరుగా నడిచి ఎదురొచ్చి, నిలబడి, పక్కకు కాల్చేవి అవే. 100 మందిలో కొత్తవారు మొదటి ఆట గెలవడం మామూలుగా అయ్యే పని కాదు కదా. కొత్తవారిని ఆటలో అరటిపండులా కొన్నాళ్లు చూసుకోవడం మంచి పనే, చెప్పకుండా చేయడమే నాకు నచ్చదు. గోడ మీద నుంచి దూకి, పడుకుని కాల్చేవాడు ఎదురైనప్పుడు వాడు మనిషి. వాడిని గెలిచిన రోజు అన్నకు చూపించు.

అన్నా, మేం నలుగురం అన్నదమ్ముల బిడ్డలం. నేను క్రౌన్, మా పెదనాయన కొడుకు డైమండ్, చిన్నోళ్లిద్దరూ బ్రాంజ్. నలుగురం స్క్వాడ్ కడితే చిన్నోళ్లు దిగుతానే పోతాండారు, ఏడుస్తాండారు. మేమిద్దరం విడిగా ఆడితే ఇంట్లో తిట్లు. ఏం చేయాల?

జతలు కట్టేవాళ్లకు దీన్ని మించిన తలనొప్పి లేదు. నలుగురి సగటు తీసి ఎదుటి జట్టును తెస్తే, నువ్వు సగటు మనుషుల మీద పడి ఊచకోత కోస్తావు. మీలో పైవాణ్ణి బట్టి తెస్తే చిన్నోళ్లు ఇప్పటిలాగే ఏడుస్తారు. ఏ లెక్క వేసినా ఎవరో ఒకరు మూల్యం కట్టాలి. వాలరెంట్ అనే షూటర్‌లో ర్యాంకు ఆటకు ఇద్దరో ముగ్గురో కలిసి వస్తే ర్యాంకుల తేడాకు హద్దు పెట్టారు. ఐదుగురూ ఒకే గుంపైతే ఎంత తేడా అయినా రానిస్తారు, తేడా మరీ ఎక్కువైతే వచ్చే పాయింట్లలో కోత వేస్తారు. నాకు అది సబబుగానే అనిపిస్తుంది: కలిసి ఆడుకో, ర్యాంకు మాత్రం విడిగా సంపాదించుకో.

చిన్నోళ్లతో ఆడేటప్పుడు ర్యాంకు లేని ఆట పెట్టండి. దిగే చోటు చిన్నోళ్లు చెప్పాలి. మీరిద్దరూ వాళ్ల వెనక నడవండి. ఎవరైనా పడితే లేపే పని మీది. ఇంకో మాట, 18 లోపు పిల్లలకు బీజీఎంఐలో రోజుకు 3 గంటలే హద్దు. మీ ఐడీలు వాళ్లకిచ్చి ఆ హద్దు దాటించకండి.

రాత్రి రెండింటికి మ్యాచ్ దొరకడానికి చాలాసేపు పడతాంది సార్. దొరికినా ఎవరో మహా ముదుర్లు వస్తాండారు, పింగ్ కూడా ఎక్కువ. పగలు అట్లుండదు. ఎందుకు?

జనం లేక. ఊరికే ఒక లెక్క వేద్దాం. ఆ వేళకు 6,000 మంది ఆడదామని కూర్చున్నారనుకుందాం. మ్యాపులు 3 అంటే ఒక్కోదానికి 2,000. సోలో, డుయో, స్క్వాడ్ అని చీలిస్తే 666. వాళ్లను 6 టైర్లుగా చీలిస్తే 111. ఒక్క ఆటకే 100 మంది కావాలి! అప్పుడు యంత్రం ముందు మూడే దార్లు: మిమ్మల్ని ఇంకాసేపు కూర్చోబెట్టడం, దూరం సర్వర్ నుంచి మనుషుల్ని తేవడం, పై టైర్ వాళ్లను కలిపేయడం. మీకు మూడూ కొంచెం కొంచెం వడ్డిస్తోంది.

ఇక పింగ్, అంటే మీ ఫోన్ నుంచి సర్వర్‌కు పోయి రావడానికి పట్టే సమయం. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ ముంబైలో ఉందనుకుంటే, మనకూ ముంబైకీ గీత గీస్తే 700 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పోయి రావడానికి 7 మిల్లీసెకన్లు చాలు. మీ తెర మీద కనబడే మిగతా అంకె టవరుది, చుట్టు తిరిగిన దారిది. పింగ్ ఒక్కటే కాదు, ఫోన్ కూడా తేడా తెస్తుంది: సెకనుకు 30 ఫ్రేముల ఫోన్లో ఒక్కో బొమ్మ 33 మిల్లీసెకన్లకు మారుతుంది, 90 ఫ్రేముల ఫోన్లో 11కే. యంత్రం మీ ఫోన్ ధర అడగదు, ఫలితం చూస్తుందంతే. అంటే చౌక ఫోన్ వల్ల ఓడిన ఓటములు కూడా మీ అంకెలో కలిసి, నెమ్మదిగా మిమ్మల్ని మీకు తగిన గదికే చేరుస్తాయి. ఫోన్ మార్చిన వారం మాత్రం దొరికినవాళ్లను దొరికినట్టు కొడతారు, ఎదుటివాళ్లకు పాపం.

రెండింటికి పడుకోండి. ఇది ఆట గురించిన సలహానే, తొమ్మిదింటికి మంచి ఉజ్జీలు దొరుకుతాయి.

మా ఊళ్లో సంక్రాంతికి బీజీఎంఐ పోటీ పెడతాం. 16 టీములు వస్తాయి. రెండేండ్లుగా ఒకే టీము కప్పు కొట్టుకుపోతాంది. ఈసారి మిగతావాళ్లు రామంటున్నారు. ఆ టీమును రావద్దంటే బాగుండదు. దారి చెప్పండి.

రావద్దనకండి. జట్లు విడగొట్టండి. కబడ్డీకి మన పల్లెల్లో చేసే పనే: సమానంగా ఆడే ఇద్దరు ఉజ్జీ కట్టి, చెవిలో గుసగుసగా పేర్లు మార్చుకుని నాయకుల దగ్గరికొస్తారు. మల్లె కావాలా, మందారం కావాలా అంటారు. ఏ నాయకుడు ఏది కోరితే వాడు అటు. ఏ జట్టుకూ మొగ్గు ఉండదు, ఎవరిని ఎవరు వదిలేశారన్న బాధా ఉండదు. మీకు 64 మంది ఉన్నారు. పాత ఫలితాలు చూసి నలుగురు నలుగురు సమానులను ఒక గుంపుగా వరస పెట్టండి, 16 గుంపులవుతాయి. పైనుంచి వరసగా నాలుగేసి గుంపుల్లోని 16 మందినీ చీటీలు తీసి 16 జట్లకు పంచండి. ప్రతి జట్టులో ఒక గట్టివాడు, ఒక బాగా ఆడేవాడు, ఒక మాదిరివాడు, ఒక కొత్తవాడు వస్తారు.

దోస్తులం విడిపోం అని గోల చేస్తే పాత జట్లనే ఉంచి రెండు కప్పులు పెట్టండి. కస్టమ్ రూములో మూడు ఆటలు ఆడించండి. పెద్ద పోటీల్లో వేసే పాయింట్లే వేయండి: మొదటి స్థానానికి 10, తర్వాత 6, 5, 4, 3, 2, 1, 1, పైగా కిల్‌కు ఒకటి. మూడయ్యాక పైన 8 జట్లు ఒక గదిలో పెద్ద కప్పుకు, కింద 8 ఇంకో గదిలో చిన్న కప్పుకు. చిన్న కప్పు కూడా అదే మైకులో, అదే స్టేజీ మీద ఇవ్వాలి. చీకటి పడ్డాక మూలకు పిలిచి చేతిలో పెడితే వచ్చే ఏడు ఆ 8 జట్లూ రావు.

ఎంట్రీ ఫీజు పోగేసి గెలిచినవాళ్లకు పంచే పద్ధతి వద్దు. డబ్బు పెట్టి డబ్బు కోసం ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. కప్పులు ఊళ్లో ఎవరితోనైనా ఇప్పించండి. కస్టమ్ రూము తెరవడానికి కావాల్సిన రూమ్ కార్డు ముందురోజే కొని పెట్టుకోండి, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవడానికి ఎక్స్‌టెన్షన్ బోర్డులు నాలుగైదు తెప్పించండి. ఊరంతా ఒకే టవరు మీద పడితే పింగ్ ఎగురుతుంది కాబట్టి 64 మందిలో సగం మందిని వైఫై ఉన్న ఇళ్లల్లో కూర్చోబెట్టండి.