ఆక్సిజన్ పెరిగితే శక్తి పెరుగుతుందా?

ఆరిపోబోతున్న అగరుబత్తిని ఆక్సిజన్ జాడీలోకి దించితే భగ్గున మండడం సైన్సు ల్యాబులో చూసే ఉంటారు. 1774లో ఆక్సిజన్‌ను వేరుచేసిన జోసెఫ్ ప్రీస్ట్‌లీకి ఇలాంటిదే చూశాక ఒక అనుమానం వచ్చింది. ఈ గాలిలో కొవ్వొత్తి త్వరగా కరిగిపోతున్నట్టే, దీన్ని పీల్చే మనిషి ఆయువు కూడా త్వరగా ఖర్చయిపోతుందేమో అని! ఆ అనుమానంలో కొంత పొరపాటు, కొంత నిజం ఉన్నాయి. ముందు పొరపాటు సంగతి చూద్దాం.

1789లో లావోయిజర్, ఆయన సహచరుడు సెగ్విన్ మనిషి వాడుకునే ఆక్సిజన్‌ను కొలిచారు. చలి వేసినా, భోజనం చేసినా, బరువులెత్తినా వాడకం పెరిగింది. శుద్ధమైన ఆక్సిజన్ పీల్చినప్పుడు మాత్రం పెరగలేదు. కారణం ఇప్పుడు మనకు తెలుసు. కణంలోని మైటోకాండ్రియా తనకు అందిన ఆక్సిజన్‌ను బట్టి పనిచేయదు, ఏటీపీ ఎంత ఖర్చయిందో చూసి పనిచేస్తుంది. మన స్టోరు రూములో బియ్యం బస్తాలు ఎన్ని ఉన్నా, వంటమనిషి ఆ పూట హాజరును బట్టే కదా ఎసరు పెడతాడు! కాబట్టి ఆరోగ్యవంతుడికి ఆక్సిజన్ ఎక్కువిస్తే హుషారు వస్తుందనే ప్రకటనలను నమ్మనక్కరలేదు.

మరి ఆసుపత్రుల్లో పీడనంతో ఆక్సిజన్ ఎందుకిస్తారు? ఇక్కడ గోలీసోడాను తలచుకోండి. పీడనం పెరిగేకొద్దీ ద్రవంలో వాయువు ఎక్కువగా కరుగుతుంది. కెమిస్ట్రీలో చదివే హెన్రీ నియమం ఇదే. మామూలుగా 100 మి.లీ. రక్తంలో హిమోగ్లోబిన్ దాదాపు 20 మి.లీ. ఆక్సిజన్‌ను మోస్తుంది. ప్లాస్మాలో కరిగేది 0.3 మి.లీ. మాత్రమే. 3 అట్మాస్ఫియర్ల పీడనంలో శుద్ధ ఆక్సిజన్ పీలిస్తే, కరిగి ఉండేదే సుమారు 6 మి.లీ. అవుతుంది. విశ్రాంతిగా ఉన్న శరీరం ప్రతి 100 మి.లీ. రక్తం నుంచి తీసుకునేది దాదాపు 5 మి.లీ. అంటే కాసేపు హిమోగ్లోబిన్‌తో పని లేకుండానే గడిచిపోతుందన్నమాట. ఆమ్‌స్టర్‌డామ్‌లో బోరెమా అనే సర్జన్ పంది పిల్లల ఎర్ర రక్తకణాలను దాదాపు పూర్తిగా తొలగించి, ఈ పీడనంలో వాటిని బతికించి చూపాడు. 1960లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

ఇది కేవలం పరీక్షలో రాసే విషయం కాదు. చలికాలంలో తలుపులు బిగించి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోయేవారున్నారు. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. మామూలు గాలిలో దాని మోతాదు సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. శుద్ధ ఆక్సిజన్ ఇస్తే సుమారు 80 నిమిషాలు, 3 అట్మాస్ఫియర్లలో ఇస్తే సుమారు 23 నిమిషాలు చాలు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు ఈ విషాన్ని పసిగట్టలేదు, అంకె బాగానే చూపిస్తుంది. అది చూసి ధైర్యపడకండి. తలుపులు తెరిచి, మనిషిని ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

ఇక ప్రీస్ట్‌లీ అనుమానంలోని నిజం. 1878లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్, అధిక పీడనంలో ఆక్సిజన్ పీల్చిన జంతువులకు మూర్ఛ వస్తుందని రాశాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళంలో కెన్నెత్ డొనాల్డ్ ఈతగాళ్ళపై పరీక్షలు జరిపాడు. 21 మీటర్ల లోతులో ఆక్సిజన్ పీల్చిన ఒకే మనిషికి ఒకరోజు 7 నిమిషాల్లో లక్షణాలు కనిపిస్తే, మరోరోజు 148 నిమిషాల దాకా ఏమీ కాలేదు! ఎవరికి ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పలేకపోవడమే ఇందులోని భయం. నీళ్ళలో ఫిట్స్ వస్తే మునిగిపోవడమే. పైగా నీటిలో, శ్రమ చేసేటప్పుడు ముప్పు ఇంకా ఎక్కువ. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ పెరుగుతుంది కనుక, శుద్ధ ఆక్సిజన్‌తో సుమారు 6 మీటర్లు దాటకూడదని డైవర్ల నియమం. పత్రికలు "ఆక్సిజన్ సిలిండర్" అని రాసినా, మామూలు డైవరు వీపున ఉండేది గట్టిగా కుదించిన గాలే.

ఎందుకిలా జరుగుతుంది? ఆక్సిజన్ మితిమీరితే కణాల్లో సూపరాక్సైడ్ వంటి చురుకైన అణువులు పుడతాయి. వాటిని అణచే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము మనలో ఉందని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ వెల్లడించారు. దాని శక్తికి మించితే జీవక్రియలోని ఇతర ఎంజైములు దెబ్బతింటాయి. మెదడును శాంతపరిచే గాబా తయారీ తగ్గుతుంది, ఫిట్స్‌కు ఇదొక కారణం. మంట పెరగడం మాట అటుంచి, పొయ్యే పాడవుతోందన్నమాట! మరో చిక్కు ఏమిటంటే, సిరల్లోని హిమోగ్లోబిన్ కూడా ఆక్సిజన్‌తో నిండే ఉండడం వల్ల కార్బన్ డయాక్సైడ్‌ను సరిగా మోయలేదు, అది కణజాలంలో కొంత పేరుకుంటుంది.

అందుకే మానని మధుమేహపు పుండ్ల వంటివాటికి చాంబరులో చికిత్స చేసేటప్పుడు సాధారణంగా 2 నుంచి 2.8 అట్మాస్ఫియర్లు దాటనివ్వరు. షుగరు రోగులకు చాంబరులో గ్లూకోజు పడిపోవచ్చు, లోపలికి పంపే ముందే రక్తపరీక్ష చేస్తారు. 20, 30 నిమిషాలకొకసారి మాస్కు తీయించి, 5 నిమిషాలు మామూలు గాలి పీల్చనిచ్చి, మళ్ళీ తగిలిస్తారు.