నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక జట్టు వెంట

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ నవంబరు మొదట్లో మొదలై ఏప్రిల్ మొదటి రోజుల్లో ముగుస్తుంది. ఈ ఐదు నెలల్లో ఒక్కో జట్టు ముప్పైకి అటూ ఇటూగా మ్యాచ్‌లు ఆడుతుంది. వీరాభిమానులు ఒక్కటీ వదలరు. మామూలు అభిమానులు వారానికో మ్యాచ్ చూస్తారు, మిగతావాటి స్కోరు కనుక్కుని తమ పనిలో పడతారు. వ్యక్తిత్వం దిద్దుకోవడానికి ఈ రెండో పద్ధతే మంచిది. ఇందులో ఆట మీద ఇష్టం నిలుస్తుంది, నిద్రా చదువూ చెడవు. పై చదువులకు అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థులకు ఇంకో లాభం కూడా ఉంది. తమ యూనివర్సిటీ జట్టు సంగతులు నాలుగు తెలిస్తే, కొత్త ఊళ్లో పక్కవారితో మాట కలపడం సులువవుతుంది.

సీజన్ తొలి రెండు నెలలు ఎక్కువగా బయటి జట్లతో మ్యాచ్‌లు. జనవరి నుంచి మార్చి తొలి రోజుల దాకా సొంత కాన్ఫరెన్స్ (యూనివర్సిటీల కూటమి) జట్లతో పోరు, ఆపైన కాన్ఫరెన్స్ టోర్నమెంట్. చివరికి 68 జట్లతో జాతీయ టోర్నమెంట్. అది పూర్తి నాకౌట్. ఐదు నెలల కష్టం 40 నిమిషాల్లో తేలిపోతుంది. ఒక్క సాయంత్రం ఫలితాన్ని బట్టి ఇన్ని నెలల పనికి విలువ కట్టవచ్చా? ఒక జట్టు వెంట నడిచే అభిమానికి ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

వర్జీనియా యూనివర్సిటీ అభిమానులకు అది 2018లో ఎదురైంది. ఆ ఏడాది వారి జట్టు 31 మ్యాచ్‌లు గెలిచి, రెండే ఓడి, దేశంలోకెల్లా మొదటి ర్యాంకుతో టోర్నమెంట్‌లో అడుగుపెట్టింది. 1985 నుంచి పురుషుల టోర్నమెంట్‌లో మొదటి సీడ్ (టోర్నమెంట్‌కు ముందు జట్టుకిచ్చే స్థానం) జట్లూ పదహారో సీడ్ జట్లూ 135 సార్లు తలపడితే, 135 సార్లూ మొదటి సీడే గెలిచింది. మార్చి 16న షార్లెట్‌లో పదహారో సీడ్ యూఎంబీసీ జట్టు ఆ వరుసను తెంచింది. విరామానికి 21-21తో సమంగా ఉన్న వర్జీనియా చివరికి 54-74తో ఓడింది. మణికట్టు గాయంతో వర్జీనియా ఆటగాడు డిఆండ్రే హంటర్ ఆ మ్యాచ్ ఆడలేదు. కానీ కోచ్ టోనీ బెనెట్ దాన్ని సాకుగా చూపలేదు. విలేకరుల ముందుకు వచ్చి, అవతలి జట్టే బాగా ఆడిందని ఒప్పుకున్నాడు. ఓడిన గంటలో ఇలా మాట్లాడటం చాలా కష్టం. ఆయన గెలిచిన ఎన్నో మ్యాచ్‌లకన్నా ఈ ప్రవర్తనే నేర్చుకోదగ్గది.

మరుసటి సీజన్‌కు బెనెట్ తన పద్ధతి మార్చలేదు. ఆయన తండ్రి డిక్ బెనెట్ రూపొందించిన డిఫెన్స్ అది. బంతి ఉన్నవాణ్ణి ఒకరు ఒత్తిడి చేస్తారు, మిగిలిన నలుగురూ మూడు పాయింట్ల గీతకు లోపల దగ్గరగా ఉండి బుట్ట వైపు దారులు మూసేస్తారు. స్కోర్లు తక్కువగా ఉంటాయి, ఆట నెమ్మదిగా సాగుతుంది. మొదటిసారి చూసేవారికి విసుగు పుట్టడం సహజం. బంతిని వదిలి, బంతి లేని ఆటగాళ్ల కాళ్ల కదలికను కొన్ని వారాలు గమనిస్తే దాని అందం తెలుస్తుంది. ఓపిక అలవడేది పెద్ద పోటీల్లో కాదు, ఎవరూ పట్టించుకోని జనవరి మ్యాచ్‌ల్లో.

2019 టోర్నమెంట్ తొలి మ్యాచ్‌లో మళ్లీ పదహారో సీడే ఎదురైంది. విరామానికి గార్డ్నర్-వెబ్ 36-30తో ముందుంది. ఏడాది కిందటి రాత్రి అందరికీ గుర్తొచ్చే ఉంటుంది. అయినా వర్జీనియా 71-56తో గెలిచింది. సెమీఫైనల్లో ఆబర్న్ కన్నా జట్టు రెండు పాయింట్లు వెనకబడి, 0.6 సెకన్లు మిగిలి ఉండగా వర్జీనియా ఆటగాడు కైల్ గైకి మూడు ఫ్రీత్రోలు దక్కాయి. మూడూ వేశాడు, 63-62. అంతకుముందు ఏడాది ఓటమి తర్వాత తన మానసిక ఆందోళన గురించి బాహాటంగా రాసుకున్న కుర్రాడే అతను. ఈ ఆటగాళ్లలో ఎక్కువమంది ఇరవై అటూ ఇటూ వయసువాళ్లేనని గుర్తుంచుకుంటే అభిమాని నాలుక అదుపులో ఉంటుంది. ఓడిన రాత్రి దూషణకు దిగకపోవడం చిన్న సంస్కారం కాదు. ఏప్రిల్ 8న మినియాపొలిస్‌లో టెక్సస్ టెక్ మీద అదనపు సమయంలో 85-77తో వర్జీనియా విజేత అయింది. ముందటేడు ఆడలేకపోయిన హంటర్ 27 పాయింట్లు చేశాడు.

ఆ కప్పు తర్వాత వర్జీనియాకు గెలుపులేమీ వరుస కట్టలేదు. 2020 టోర్నమెంట్ కోవిడ్ వల్ల రద్దయింది. 2021, 2023, 2024ల్లో జట్టు తొలి మ్యాచ్‌లోనే వెనుదిరిగింది. 2024 అక్టోబరులో, కొత్త సీజన్ ఇంకొద్ది వారాల్లో ఉందనగా, బెనెట్ కోచ్ బాధ్యత వదులుకున్నాడు. ఇప్పుడు ఆటగాళ్లు ఒక యూనివర్సిటీ నుంచి మరోదానికి మారడం కూడా తేలికైంది. అందుకే ఏ జట్టు అభిమాని అయినా ప్రతి నవంబరులో సగం పేర్లు కొత్తగా నేర్చుకోవలసిందే.