నొప్పి బిళ్ల, మోకాలు, కిడ్నీ: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: కీళ్ల అరుగుదలకు రాసే నొప్పి మాత్రలు కిడ్నీలను పాడుచేస్తాయా? మూలపేట, టెక్కలి, పలాస వైపు ఈ భయం ఎక్కువ.

జవాబు: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎటోరికాక్సిబ్ పేరుకే వేరు, అన్నీ ఒకే కుటుంబం. కీలులో వాపును, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా ఇవి అడ్డుకుంటాయి. చిక్కేమిటంటే, కడుపు లోపలి పొరను కాపాడేవీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. కిడ్నీలు బాగున్నవారు నీళ్లు సరిగా తాగుతూ నాలుగు రోజులు వాడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఎండలో జీడితోట పనిచేసి, చెమటకు తగ్గ నీళ్లు తాగకుండా రోజూ వేసుకుంటే ముప్పు.

ఆ వైపు, అంటే ఉద్దానం ప్రాంతంలో, ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇంకా తేలలేదు. నొప్పి మాత్రనే దోషిగా నిలబెట్టడం తొందరపాటు. అయితే ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీని అది మరింత దెబ్బతీస్తుందన్నది స్థిరపడిన విషయం.

ప్రశ్న: మాత్ర మొదలుపెట్టే ముందు ఏ పరీక్ష అవసరం?

జవాబు: రక్తంలో సీరం క్రియాటినిన్. ఉద్దానం జబ్బు చాలామందిలో కాళ్ల వాపు లేకుండా, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకుండా ముదురుతుంది. కాబట్టి మూత్ర పరీక్ష ఒక్కటే చాలదు. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉన్నది ఈ జబ్బు కోసమే.

ప్రశ్న: మందుల షాపులో అడిగి తెచ్చుకోకూడదా?

జవాబు: స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన మందు. షాపులో కత్తెరతో కత్తిరించి ఇచ్చే రెండు బిళ్లల వెనుక చాలాసార్లు సగం పేరే మిగులుతుంది, గడువు తేదీ రెండో ముక్కతో పోతుంది. పలాస జీడి బట్టీలో గంటల తరబడి కూర్చుని పప్పు తొక్క తీసే మనిషికి నడుముకు ఒక డాక్టరు, మోకాలికి మరో డాక్టరు రాసిన మందులు రెండు బ్రాండ్ల పేర్లతో ఒకే మందు కావచ్చు. స్ట్రిప్ వెనుక చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చదివించుకోవాలి. డైక్లోఫెనాక్ పెద్దలకు అన్నీ కలిపి రోజుకు 150 మిల్లీగ్రాములు మించకూడదు.

 

ప్రశ్న: ఎవరు వాడకూడదు? ఎలా వాడాలి?

జవాబు: కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవారు, ఐదు నెలలు దాటిన గర్భిణులు డాక్టరు చెప్పకుండా ముట్టకూడదు. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి ఆయాసం పెరుగుతుంది. బీపీకి టెల్మిసార్టాన్ వంటి మాత్ర, దానితోపాటు నీరు పోయే మాత్ర వాడేవారు ఇదీ కలిపితే కిడ్నీ మీద మూడువైపుల నుంచి దెబ్బ. వాంతులు, విరేచనాలైన రోజున మానేయాలి.

పరగడుపున వద్దు. తక్కువ మోతాదు, తక్కువ రోజులు. మోకాలి అరుగుదలకైతే ముందు పైపూత జెల్ చాలేమో చూడాలి. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అయితే నొప్పి మాత్ర బాధను తగ్గిస్తుంది గానీ కీలు పాడవడాన్ని ఆపదు. దానికి మెథోట్రెక్సేట్ వంటి మందు వేరే ఉంది.

మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, ముఖం ఉబ్బినా మాత్ర ఆపి, స్ట్రిప్ చేతపట్టుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.