క్లోమ గ్రంథి క్యాన్సర్: రేడియేషన్‌కు ఇమ్యూనోథెరపీ తోడైతే?

మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె వంటి మన తీర గ్రామాల్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ముందుగా గుర్తుకొచ్చేది పసరు మందు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి గనుక పసరే పనిచేసిందనుకుంటాం. కానీ నడివయసు దాటిన వారికి నొప్పి లేకుండా వచ్చి, రోజురోజుకూ ముదిరే కామెర్లు క్లోమ గ్రంథి క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు.

లక్షణాలు

క్లోమ గ్రంథి జీర్ణాశయం వెనుక, లోతుగా ఉంటుంది. ఆహారం అరగడానికి కావలసిన రసాలను, ఇన్సులిన్‌ను తయారు చేస్తుంది. గడ్డ చేతికి తగలదు కాబట్టి చాలామందిలో వ్యాధి ముదిరాకే బయటపడుతుంది. పైకడుపు నొప్పి వీపులోకి పాకడం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, దురద, తెల్లని మలం, కొత్తగా షుగరు రావడం దీని లక్షణాలు. పొగాకు ముఖ్య కారణాల్లో ఒకటి.

రెండు చికిత్సలు ఎందుకు కలుపుతున్నారు?

మన తెల్ల రక్తకణాలు క్యాన్సర్ కణాలను చంపగలవు. కానీ క్యాన్సర్ కణం వాటికి బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకు తీసే మందులు ఇమ్యూనోథెరపీలో ముఖ్యమైనవి. ఈ మార్గం చూపిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. అయితే క్లోమంలో గడ్డ చుట్టూ గట్టి పీచు గోడలా పేరుకుంటుంది. తెల్లకణాలు లోపలికి చొరబడలేవు. అందుకే ఈ మందులు ఒంటరిగా పనిచేయడం అరుదు.

పల్లెల్లో 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్ గడ్డలోని కణాలను దెబ్బతీస్తుంది. చచ్చిన కణాల ముక్కలు తెల్లకణాలకు శత్రువు ఆనవాళ్లు చూపుతాయి. అదే సమయంలో బ్రేకు కూడా తీస్తే మేలు జరుగుతుందని వైద్యుల ఆశ.

ఫలితం ఎంత?

డెన్మార్క్‌లో కీమోథెరపీ పనిచేయని 84 మందిపై జరిగిన చెక్‌పాక్ పరిశోధన 2022లో వెలువడింది. రేడియేషన్‌తో పాటు నివోలుమాబ్, ఇపిలిముమాబ్ రెండూ ఇచ్చిన 43 మందిలో ఆరుగురికి గడ్డ తగ్గింది. మరికొందరిలో పెరగకుండా ఆగింది. కానీ అందరికీ రేడియేషన్ ఇచ్చారు గనుక అందులో దాని పాలు ఎంతో తేలలేదు. గడ్డ తగ్గినా చాలామందిలో అది కొన్ని నెలలే నిలిచింది. కాబట్టి ఇది ఇంకా పరిశోధనలో ఉన్న చికిత్సే. ముదిరిన వ్యాధికి నేటికీ ప్రధాన వైద్యం కీమోథెరపీ.

ఒక మినహాయింపు ఉంది. నూటికి ఒకరి గడ్డలో 'ఎం.ఎస్.ఐ. హై' అనే మార్పు ఉంటుంది. వారికి ఇమ్యూనోథెరపీ ఒక్కటే మేలు చేయవచ్చు.

మీరు అడగవలసినవి

1. బయాప్సీ ముక్కకు ఎం.ఎస్.ఐ. పరీక్ష చేశారా?

2. ఇది స్థిరపడిన వైద్యమా, పరిశోధనా? పరిశోధన అయితే వివరాలు తెలుగులో చెప్పి, సమ్మతి సంతకం తీసుకోవాలి. ఎప్పుడైనా మానుకునే హక్కు మీకుంది.

3. ఎంత మేలు ఆశించవచ్చు? పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు వాచే ప్రమాదం ఎంత?

4. నొప్పికి మార్ఫిన్, కామెర్లకు స్టెంట్ వంటి ఉపశమనం ఎప్పుడు మొదలుపెడతారు?

ఈ నాలుగింటికీ జవాబు దొరకకముందే పడవనో, రొయ్యల గుంటనో అమ్మకండి. వెల్లూరు సి.ఎం.సి., చెన్నై అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, తిరుపతి స్విమ్స్ మనకు అందుబాటులోనే ఉన్నాయి. రిపోర్టులు తీసుకెళ్లి రెండో అభిప్రాయం అడగండి. అడిగితే డాక్టరు గారు ఏమనుకుంటారో అని వెనకాడకండి. రోగికి మిగిలిన రోజులు నొప్పి లేకుండా, ఇంటివారి మధ్య గడవడం కూడా వైద్యంలో భాగమే.