ఘడియ లెక్క – మనం కట్టుకునే చదువు గడియారం

పగలూ రాత్రీ కలిపి 60 ఘడియలని మన పెద్దల లెక్క. అంటే ఘడియకు 24 నిమిషాలు. అడుగున సన్నని చిల్లి ఉన్న గిన్నెను నీళ్ళమీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక ఘడియ. గడియారమన్న మాట ఇందులోంచి వచ్చిందే.

1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థి, చదువు మీద మనసు నిలవక, టమాటా ఆకారపు వంటింటి టైమరు ముందుపెట్టుకుని చదవటం మొదలెట్టాడు. ఇటాలియన్‌లో టమాటాను పొమొదోరో అంటారు. పద్ధతికీ ఆ పేరే నిలిచింది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విశ్రాంతి. నాలుగు విడతలయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం. మన ఘడియకీ దీనికీ తేడా ఒక్క నిమిషమే!

వెబ్ పేజీలు రాయటం కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి అభ్యాసం లేదు. హెచ్.టి.ఎం.ఎల్.తో అంకెలకు చోటు, 'మొదలు', 'ఆపు' అనే రెండు బటన్లు పెడతాం. సి.ఎస్.ఎస్.తో రంగూ రూపూ దిద్దుతాం. నడిపించేది జావాస్క్రిప్ట్. 25 నిమిషాలంటే 1,500 సెకన్లు. 'సెట్ ఇంటర్వెల్' అనే ఆజ్ఞతో సెకనుకొకటి చొప్పున తీసేస్తాం. మిగిలినదాన్ని 60తో భాగిస్తే భాగఫలం నిమిషాలు, శేషం సెకన్లు. 1,498 మిగిలితే 24:58 అన్నమాట.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది: 'మొదలు' రెండుసార్లు నొక్కితే రెండు లెక్కలు ఒకేసారి నడిచి, 25 నిమిషాలు పన్నెండున్నరలోనే అయిపోతాయి. అందుకని సెట్ ఇంటర్వెల్ ఇచ్చే గుర్తు సంఖ్యను దాచుకోవాలి. అది ఉన్నంతసేపూ రెండోది మొదలు కానీయకూడదు. ఆపేటప్పుడు 'క్లియర్ ఇంటర్వెల్'కు ఆ సంఖ్యే ఇచ్చి, దాచిన చోటు ఖాళీ చెయ్యాలి.

రెండోది అసలు చిక్కు. మనం వేరే పేజీ తెరిస్తే, వెనకబడిన పేజీలోని లెక్కను బ్రౌజరు నెమ్మది చేస్తుంది. కొన్నిసార్లు నిమిషానికొక్కసారే కదలనిస్తుంది. మరి గడియారం తప్పదా? కాలువ నీటి వంతు వచ్చిన రైతు గట్టుమీద కూర్చుని ఒకటి, రెండు అని లెక్కపెట్టడు. వంతు ఎన్నింటికి తీరుతుందో గుర్తుంచుకుని మధ్య మధ్య టైము చూసుకుంటాడు. మనమూ అదే చెయ్యాలి. 'డేట్ నౌ' అనేది 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లు చెబుతుంది. దానికి 15,00,000 కలిపితే ముగిసే వేళ వస్తుంది. కదిలినప్పుడల్లా ముగిసే వేళలోంచి ఇప్పటి వేళ తీసేస్తే చాలు. నడుమ ఎన్ని సెకన్లు జారిపోయినా అంకె తప్పదు. 'ఆపు' నొక్కితే మిగిలినది దాచుకుని, మళ్ళీ మొదలెట్టినప్పుడు ముగిసే వేళ కొత్తగా కట్టాలి.

దీనికి పైసా ఖర్చు లేదు. ఒక బ్రౌజరు, ఒక నోట్‌పాడ్ ఉంటే చాలు. పల్లె నుంచి వచ్చిన మనకు కంప్యూటరంటే ఉన్న జంకు ఇలాంటి చిన్న పనులతోనే పోతుంది. అయితే మిత్రులారా, మోటారు నీళ్ళే తోడుతుంది, మడి కట్టాల్సింది రైతే. గడియారమూ అంతే. ఘడియను కొలిచి ఇస్తుంది, చదవాల్సింది మాత్రం మనమే!