నెలలు నిండని బిడ్డల కొరకు నడక
(స్త్రీల, యౌవనస్థుల, పెద్దల కూటములలో చదివి చర్చించుటకు)



నెలలు నిండకుండ పుట్టిన బిడ్డల సహాయార్థము కొన్ని పట్టణములలో నడకలు జరుగుచున్నవి. "మనము నడిచినంత మాత్రాన బిడ్డకు ఏమి మేలు?" అని మన పెద్దలు కొందరు అడుగుట సహజమే. ఆ ప్రశ్నకు జవాబు ఈ పాఠములో చూతము.

1. నెలలు నిండని బిడ్డ అనగా ఎవరు?

37 వారముల గర్భము పూర్తి కాకముందు పుట్టిన బిడ్డ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2020లో ఇట్టి బిడ్డలు లోకమంతట సుమారు 1 కోటి 34 లక్షలమంది పుట్టిరి. వారిలో దాదాపు 30 లక్షలమంది మన దేశపు బిడ్డలే.

వీరికి కష్టములు ముఖ్యముగా మూడు. ఒంట్లో కొవ్వు తక్కువ గనుక వెచ్చదనము నిలువదు. చప్పరించుట, మ్రింగుట సరిగా రావు గనుక పాలు త్రాగలేరు. ఊపిరితిత్తులు ఎదగవు గనుక శ్వాస ఆడదు.

"ఏడవ నెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదు" అను మాట మన ఇండ్లలో నేటికిని వినబడును. అది నిజము కాదు. తల్లి కడుపులో గడిపిన ప్రతి వారమును బిడ్డకు బలమే. ఈ మాట నమ్మి ఎనిమిదవ నెల బిడ్డపై ఆశ వదలుకొనుట ఎంత ప్రమాదమో ఆలోచించుడి.

2. నడక ఎట్లు మొదలైనది?

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పోలియో వలన కాళ్లు పడిపోయినవాడని ఆనాటి వైద్యులు చెప్పిరి. ఆయన 1938లో ఆ వ్యాధిపై పోరాడుటకు ఒక సంస్థను స్థాపించెను. ఎడ్డీ కాంటర్ అను హాస్యనటుడు రేడియోలో, ఒక్కొక్కరు ఒక్క డైము, అనగా పది సెంట్ల నాణెము, అధ్యక్షునికి పంపవలెనని కోరెను. నాణెములు లక్షల కొలది వచ్చిపడెను. "మార్చ్ ఆఫ్ డైమ్స్" అను పేరు అట్లు వచ్చినదే. ఆ సొమ్ము సహాయముతో డాక్టర్ జోనస్ సాల్క్ తయారుచేసిన టీకా పనిచేయుచున్నదని 1955లో ప్రకటించిరి.

పని అయిపోయినదని వారు తలుపులు మూయలేదు. 1958లో పుట్టుకతో వచ్చు లోపముల వైపునకు, తరువాత నెలలు నిండని బిడ్డల వైపునకు తిరిగిరి. 1970లో నడకలు ప్రారంభించిరి. నడుచువారు ముందుగా పేరు వ్రాయించుకొని, బంధువులను, తోటి ఉద్యోగులను అడిగి చందా కూర్చుదురు. బిడ్డ దక్కినవారును, బిడ్డను పోగొట్టుకొన్నవారును ప్రక్కప్రక్కనే నడుతురు. 2008 నుండి ఈ నడకకు "మార్చ్ ఫర్ బేబీస్" అని పేరు.

3. ఆ సొమ్ము ఏమి చేసినది?

1963 ఆగస్టులో అధ్యక్షుడు జాన్ కెనెడీ కుమారుడు పాట్రిక్ అయిదున్నర వారములు ముందుగా పుట్టి, శ్వాస అందక రెండు దినములకే చనిపోయెను. ఆ ఇంట ధనమునకు కొదువ లేదు, వైద్యులకు కొదువ లేదు. ఆనాటికి మందే లేదు. ఊపిరితిత్తులు ముడుచుకొనకుండ కాపాడు సర్ఫాక్టెంట్ అను పదార్థము ఇట్టి బిడ్డలలో చాలదని 1959లోనే డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ చూపెను. అది మందుగా అమెరికాలో అనుమతి పొందినది 1990లో. ఆ పరిశోధనకు తోడ్పడినవారిలో మార్చ్ ఆఫ్ డైమ్స్ ఒకటి. నేడు తగిన చికిత్స దొరికినచో పాట్రిక్ వంటి బిడ్డలు చాలవరకు బ్రతుకుచున్నారు.

ఖర్చు లేని వైద్యమును కలదు. 1978లో కొలంబియాలోని బొగోటా నగరమున ఇంక్యుబేటర్లు చాలనప్పుడు, డాక్టర్ ఎడ్గర్ రే బిడ్డను తల్లి రొమ్మునకు హత్తుకొనునట్లు, చర్మమునకు చర్మము తగులునట్లు కట్టించెను. దీనినే కంగారూ సంరక్షణ అందురు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా అయిదు దేశములలో చేసిన పరిశోధన 2021లో వెలువడెను. పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టినచో మరణములు నాలుగవ వంతు తగ్గినవని అందులో తేలినది. తండ్రియు, అమ్మమ్మయు కూడ బిడ్డను ఇట్లు హత్తుకొనవచ్చును.

4. మనము చేయదగినది

ప్రతి సంవత్సరము నవంబరు 17 నెలలు నిండని శిశువుల దినము. ఆ దినములలో మీ పట్టణమున నడక జరిగినయెడల చేరుడి. అయితే సొమ్ము ఎవరి చేతికి పోవునో, దేనికి వాడుదురో ముందుగా అడుగుడి, రసీదు తీసికొనుడి. చిన్న మొత్తమని సిగ్గుపడవద్దు. అన్నము వండకముందు గుప్పెడు బియ్యము ప్రక్కన పెట్టిన తల్లుల బిడ్డలము మనము. డైము కథ మనకు క్రొత్త కాదు.

నడక ముగిసిన తరువాత మరియొక పని కలదు. హోసూరులోనైనను, షోలాపురములోనైనను, బరంపురములోనైనను స్థిరపడిన మనకు స్థానిక భాష వచ్చును. కూలి పనికి క్రొత్తగా వచ్చిన తెలుగు తల్లికి రాదు. ఆమె బిడ్డ అద్దాల గదిలో నుండగా నర్సు చెప్పిన మాట ఆమెకు తెలియదు. 2011 నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పును, నవజాత శిశువు చికిత్సయు ఉచితమను సంగతియు ఆమె ఎరుగకపోవచ్చును. మనలో ఒకరు వెళ్లి ఆమె ప్రక్కన నిలిచి మాట చేరవేసినచో, అదియు ఆ బిడ్డ కొరకు నడిచిన నడకే.

చర్చకు ప్రశ్నలు

1. "ఎనిమిదవ నెల బిడ్డ" అను మాట మీ ఇంట ఎవరైన నమ్మియుండిరా? వారికి ఏమని నచ్చచెప్పుదురు?
2. పోలియో టీకా వచ్చిన తరువాత ఆ సంస్థ చేసిన పని నుండి మన సంఘములు ఏమి నేర్చుకొనవచ్చును?
3. మీకు దగ్గరనున్న ప్రభుత్వ ఆసుపత్రిలో నవజాత శిశువుల విభాగము ఎక్కడ ఉన్నది? అక్కడికి వెళ్లి భాష సహాయము చేయగలవారు మీ సంఘములో ఎవరు?